మిడ్‌వైఫ్ కాన్పు: పగటి డ్యూటీకి ఐదు స్టార్లు, రాత్రికి రెండు

పోయిన వానాకాలం మా చెల్లె కాన్పు మా జిల్లాలోని ఒక సర్కారు దవాఖానలో అయింది. మరిది దుబాయ్‌లో ఉన్నాడు, అమ్మకు మోకాళ్ల నొప్పులు, అందుకని తోడుగా లోపలికి పోయింది నేనే. దవాఖాన పేరు రాయడం లేదు. నేను తిట్టబోయే మనిషి, మెచ్చుకోబోయే మనిషి ఇద్దరూ ఇంకా అక్కడే డ్యూటీ చేస్తున్నారు, ఇద్దరికీ నా వల్ల తలనొప్పి రావద్దు. కాకపోతే అక్కడ 'మిడ్‌వైఫ్ కాన్పు' అని, కాన్పు పని ప్రత్యేకంగా నేర్చుకున్న నర్సులే కాన్పు చేసే ఏర్పాటు ఒకటి ఉంది. దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ, తెలిసినవాళ్లలో సగం మంది "అంటే మంత్రసానా? ఈ కాలంలో కూడానా?" అని నవ్వుతున్నారు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

మాది పాత కరీంనగర్ జిల్లా. మా వైపు ఎవరికైనా పెద్దాపరేషన్ లేకుండా కాన్పు అయిందంటే "నార్మలేనా!" అని వింతగా అడుగుతారు. నేను పెంచి చెప్పడం లేదు, 2019-20లో ఇక్కడ చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో తెలంగాణ మొత్తం మీద నూటికి 60 కాన్పులు కోతతోనే అయ్యాయి. ప్రైవేటు దవాఖానల్లో అయితే 81, సర్కారులో 44. దేశం సగటు 21 దగ్గర ఉంది. జనాభా మొత్తం మీద చూస్తే ఈ ఆపరేషన్లు నూటికి 10 దాటాక తల్లీపిల్లల చావులు ఇంకా తగ్గడమేమీ కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మరి మిగతా యాభై మంది పొట్టలు ఎందుకు కోసినట్టు?

ఆ యాభైలో నేనూ ఒకదాన్ని అని నా అనుమానం. 2016లో నా కాన్పు ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో. తొమ్మిదో నెల స్కానింగ్‌లో బొడ్డు పేగు బిడ్డ మెడకు చుట్టుకుంది, రిస్కు తీసుకోవద్దు అన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. అత్తమ్మ వెంటనే పంతులుకు ఫోన్ చేసింది. ఆయన ఎల్లుండి పొద్దున తొమ్మిదిన్నర తర్వాత మంచి ఘడియలు ఉన్నాయన్నాడు, డాక్టరమ్మ కూడా డైరీ చూసి సరే ఎల్లుండే పెట్టుకుందాం అన్నది. అప్పుడు నాకు తట్టలేదు. తర్వాత ఒక రాత్రి కుట్ల నొప్పితో నిద్ర పట్టక పడుకుని ఉంటే తట్టింది: పంతులు ముహూర్తం కోసం రెండు రోజులు ఆగగలిగిన ప్రమాదం, నొప్పులు వచ్చేదాకా ఎందుకు ఆగలేకపోయింది? నలభై ఐదు వేల బిల్లు కట్టి వచ్చాం.

అందుకని చెల్లెకు నెల తప్పినప్పటి నుంచి నేను ఇదే పని మీద ఉన్నా. ఊళ్లో ఆశా కార్యకర్త చెప్పింది, ఫలానా దవాఖానలో మిడ్‌వైఫ్ అక్కలు ఉన్నారు, అడిగి చూడండి అని. ఇది తెలంగాణ ప్రభుత్వం 2017లో హైదరాబాద్‌లో కాన్పుల దవాఖానలు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి మొదలుపెట్టిన పని. స్టాఫ్ నర్సుల్లో కొందరిని ఎంచుకుని పద్దెనిమిది నెలలు కాన్పు పని ఒక్కటే నేర్పిస్తారు. తర్వాత 2018 చివర్లో కేంద్రం కూడా దేశమంతటికీ ఇలాంటి మార్గదర్శకాలే తెచ్చింది. వీళ్లు డాక్టర్లు కాదు, మామూలు నర్సులూ కాదు. బీపీ, షుగర్, కవలలు, ఎదురుకాళ్లు లాంటి చిక్కులేవీ లేని కాన్పును మొదటి నుంచి చివరిదాకా వీళ్లే చూసుకుంటారు, చిక్కు కనబడగానే డాక్టర్‌ను పిలుస్తారు. నర్సుకూ వీళ్లకూ తేడా ఏమిటో నాకు చెకప్‌ల దగ్గరే అర్థమైంది. ముప్పై ఆరో వారం స్కానింగ్‌లో మా చెల్లెకు కూడా పేగు మెడకు చుట్టుకునే ఉంది! అమ్మ అక్కడే కుర్చీలో కూలబడింది. మిడ్‌వైఫ్ అక్క మాత్రం రిపోర్టు చూసి, "చానా మంది పిల్లలకు ఉంటదమ్మా ఇది, చాలాసార్లు బయటికి వచ్చేటప్పుడు మేమే వేలితో తప్పిస్తం, నొప్పులప్పుడు గుండె సప్పుడు విని చూస్తం, తేడా వస్తే అప్పుడు ఆలోచిద్దాం" అన్నది. నా చేయి తెలియకుండానే నా పొట్ట మీదికి పోయింది.

ఇక మంత్రసాని సంగతి. నేనూ చెల్లె ఇద్దరం ఇంట్లో పుట్టినవాళ్లమే. మమ్మల్ని పట్టింది ఊళ్లో మంగలి అవ్వ. మా వైపు చాలా ఊళ్లలో ఆ పని మంగలి ఇళ్ల ఆడవాళ్లదే. అమ్మ చెప్పేది వింటుంటే కళ్లకు కట్టినట్టుంటది. నొప్పులు మొదలయ్యాయని కబురు పోతే అవ్వ వచ్చి గడపలో కూర్చునేది, లేచేది కాదు. దూలానికి పగ్గం కట్టి దాన్ని పట్టుకుని గొంతుక్కూర్చోమనేది, ఇంట్లోనే అటూ ఇటూ తిప్పేది, నడుముకు ఆముదం రాసేది, మధ్యలో గంజి తాగించేది. ఒక రాత్రంతా పట్టినా, రెండు రాత్రులు పట్టినా అంతే. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అని సామెత ఊరికే పుట్టలేదు. పట్టడం సరే, అది వచ్చేదాకా పక్కన కూర్చోవడమే ఆమె అసలు పని అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఇంత చేసినందుకు ఆమెకు ముట్టేది మగపిల్లాడైతే కుంచెడు వడ్లూ ఒక చీరా, ఆడపిల్లైతే వడ్లు మాత్రమే. ఆమె పోయాక ఇల్లు కడిగి నీళ్లు చల్లుకునేవాళ్లంట. బిడ్డను మొదట ముట్టుకునే చేయి అది, ఆ చేతికే మైల!

అయితే ఆ కాలం బంగారమని చెప్తే మా అమ్మే ఒప్పుకోదు. మా మేనత్త రెండో కాన్పు కూడా ఆ అవ్వ చేతుల మీదే అయింది. బిడ్డ బాగానే పుట్టింది, మాయ పడలేదు. రక్తం ఆగలేదు. ఎడ్లబండి కట్టి మండలానికి తీసుకుపోతుంటే చెరువు కట్ట దాటకముందే అయిపోయింది. అవ్వ ఏం చేయగలదు, ఆమె దగ్గర ఉన్నవి ఆముదం, వేడినీళ్లు, ఒక కొడవలి. తర్వాత్తర్వాత ప్రభుత్వం మంత్రసానులకు ట్రైనింగ్ ఇచ్చి బ్లేడు, దారం, సబ్బు ఉన్న కిట్ ఇచ్చింది. కొడవలి పోయి బ్లేడు వచ్చింది, రక్తం ఆపే దారి మాత్రం రాలేదు. 2005 తర్వాత దవాఖానలో కాన్పైతే ఇచ్చే జననీ సురక్ష పైసలు, ఆశా అక్కలు, 108 బండ్లు వచ్చాక ఊళ్లో పురుళ్లు దాదాపు ఆగిపోయాయి. మంచిదే అయింది. 2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 154 మంది తల్లులు చనిపోయేవాళ్లు, 2018-20 నాటికి తెలంగాణలో 43కు దిగింది. ఎవరేమన్నా మా మేనత్త లాంటి వాళ్లు బతుకుతున్నారు. కానీ దవాఖానకు పోయేటప్పుడు పగ్గం, గంజి, గడపలో కూర్చునే మనిషి ఇంటి దగ్గరే ఉండిపోయారు. వాటికీ రక్తస్రావానికీ ఏం సంబంధం లేదు కదా, వాటిని కూడా ఎందుకు వదిలేశామో!

సరే, కాన్పు రోజు. తెల్లవారుజామున నాలుగింటికి నొప్పులు మొదలైతే 102 బండి ఎక్కి తొమ్మిదింటికల్లా చేరాం. గర్భసంచి మూతి మూడు సెంటీమీటర్లు తెరుచుకుంది అన్నారు. పొద్దున డ్యూటీలో ఉన్న మిడ్‌వైఫ్ నా ఈడుదే ఉంటుంది. చెల్లెను చూడగానే అడిగిన మొదటి మాట "ఏం తిన్నవమ్మా?" అని. ఏమీ తినలేదంటే నన్ను పంపి ఇడ్లీ తెప్పించింది. నా కాన్పప్పుడు పన్నెండు గంటల ముందు నుంచే నీళ్లు కూడా ముట్టనివ్వలేదు, అది గుర్తొచ్చి ఇడ్లీ పొట్లం పట్టుకుని వస్తుంటే ఏడుపొచ్చింది. ఇక అక్కడ మంచం మీద పడుకోబెట్టే పనే లేదు. నడువు, వంగు, ఈ పెద్ద రబ్బరు బంతి మీద కూర్చుని ఊగు, గోడకు ఉన్న కడ్డీలు పట్టుకుని గొంతుక్కూర్చో. ఆ కడ్డీలు చూసి నేను "మా అవ్వ పగ్గమే కదక్కా ఇది" అంటే ఆమె నవ్వి "అంతే అనుకో" అన్నది. నొప్పి వచ్చినప్పుడు నడుం కింద అరచేత్తో ఎక్కడ ఎంత గట్టిగా నొక్కాలో నాకు నేర్పింది, రాత్రిదాకా నా పని అదే అయింది, మర్నాడు నా మణికట్టు లేవలేదు. అరగంటకోసారి చేతిలో పట్టేంత చిన్న మిషన్ పొట్ట మీద పెట్టి బిడ్డ గుండె వినిపించేది, గుర్రం ఉరికినట్టు టకటకా. విన్నదంతా ఒక కాగితం మీద గీతలుగా రాసుకునేది. లోపల చెయ్యి పెట్టి చూడటం నాలుగు గంటలకోసారే, అదీ తెర లాగి, "చూడనా అమ్మా" అని అడిగి. అడగడం! నన్ను ఎవరూ అడగలేదు, ఎంత మంది వచ్చి చూసిపోయారో లెక్క కూడా లేదు.

రెండింటికి ఆమె డ్యూటీ దిగి ఇంకో మిడ్‌వైఫ్ ఎక్కింది. ఈమె తక్కువ మాట్లాడుతుంది, కొంచెం కటువు కూడా, కానీ పని అదే తీరు. ఐదు సెంటీమీటర్ల దగ్గర చెల్లె ఇక నా వల్ల కాదు, కోసేయమనండి అని నా చెయ్యి కొరికింది. నిజంగానే కొరికింది. డాక్టరమ్మ కూడా రౌండ్‌కు వచ్చినప్పుడు చూసి, అంతా బాగుంది, మిడ్‌వైఫ్ చూసుకుంటుంది అని పోయింది. ఆ ఒక్క మాటకే నేను ఈ ఏర్పాటుకు సగం మార్కులు వేస్తా. కోత అడిగే పేషెంటు ముందర కోత చేయగల డాక్టరు 'అక్కర్లేదు' అని పోవడం మా జిల్లాలో చిన్న సంగతి కాదు. గోరువెచ్చని నీళ్లు నడుం మీద పోయించి, దీపాలు తగ్గించి, కటువైన అక్క చెల్లె చెవి దగ్గర కూర్చుని ఊపిరి లెక్కపెట్టింది, ఒకటి, రెండు, మూడు, వదులు. ఒక అరగంటలో చెల్లె మళ్లీ మనుషుల్లో పడింది.

రాత్రి ఎనిమిదింటికి ఎనిమిది సెంటీమీటర్లు. అప్పుడు తెలిసింది, రాత్రి డ్యూటీకి మిడ్‌వైఫ్ లేదు. మొత్తం దవాఖానకు ఉన్నదే ఇద్దరు. ఈ ముక్క చెకప్‌లకు పోయిన ఇన్ని నెలల్లో మాకు ఎవరూ చెప్పలేదు, మేము అడగలేదు, అడగాలని తెలియలేదు. బిడ్డలు పుట్టేది పగలే అని ఎవరు రాసిచ్చారు?

రాత్రి నర్సు ఒక్కతే, నొప్పుల మీద ఐదుగురు. అందులో ఒకామెకు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి, ఆమెను పెద్ద దవాఖానకు పంపే హడావుడి. ఇదంతా చూశా కాబట్టి ఆ నర్సును రాక్షసి అనను. కానీ జరిగింది జరిగినట్టు రాయాలి. వచ్చీ రాగానే "ఈ బంతులు గింతులు నాకు తెల్వది, టేబుల్ ఎక్కి పండుకో" అన్నది. సెలైన్ పెట్టింది, అందులో ఏం కలిపిందని అడిగితే జవాబు లేదు. చెల్లె మూలిగితే "ఒర్రుడు బంద్ చెయ్యి, అప్పుడు లేదా ఈ నొప్పి" అన్నది. ఈ మాట ఎన్ని దవాఖానల్లో ఎంత మంది ఆడవాళ్లు విని ఉంటారో, అందరికీ ఒకే స్కూల్లో నేర్పిస్తారో ఏమో. వార్డులో పని చేసే ఆయమ్మ వచ్చి పొట్ట మీద రెండు చేతులతో నొక్కబోయింది. పొద్దున అక్క చెప్పి పెట్టింది, పొట్ట ఎవరినీ నొక్కనివ్వొద్దు అని, అందుకే ఆమె చెయ్యి పట్టుకుని ఆపా. నన్ను బయటికి పొమ్మన్నారు, పోలేదు. తర్వాత నర్సు కింద బిడ్డ వచ్చే దారి కోయడానికి కత్తెర తీసింది. చెల్లె "వద్దక్కా, నాకు కోత వద్దని రాసుకున్నం" అని ఏడ్చింది. "తొలి కాన్పుకు కొయ్యాల్సిందే" అని కోసేసింది. ఊరికే అందరికీ కోయడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పి ఏళ్లయింది, ఆ దవాఖాన గోడ మీద అతికించిన కాగితంలోనే ఆ సంగతి రాసి ఉంది, నేను పొద్దున చదివా. మత్తు సూది పని చేసేలోపే కుట్లు. ఐదు.

పది ఇరవైకి ఆడపిల్ల, రెండు కిలోల తొమ్మిది వందలు. పేగు మెడకు ఒక చుట్టు ఉంది, నర్సు వేలితో తప్పించింది, రెండు సెకన్లు కూడా పట్టలేదు. ఆ రెండు సెకన్లు నేను ఎప్పటికీ మర్చిపోను. నా నలభై ఐదు వేలు, నా నడుం నొప్పి, నా పొట్ట మీద గీత అన్నీ ఆ రెండు సెకన్లలోంచి పోయాయి. అందరి సంగతీ ఒకటి కాదు, నా కేసులో ఇంకేదైనా ఉందేమో, కాగితాల్లో మాత్రం పేగు తప్ప ఇంకేం లేదు.

నర్సు చేసిన మంచి కూడా చెప్పాలి. బిడ్డను తుడిచి వెంటనే తల్లి రొమ్ముల మీద వేసింది, బొడ్డు తాడు కొట్టుకోవడం ఆగేదాకా కొయ్యలేదు, గంటలోపు పాలు పట్టించింది. బిడ్డ పుట్టగానే తొడకు ఒక సూది వేసింది, రక్తం పోకుండా. పది నిమిషాల్లో మాయ పడింది. నేను బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి మాయ పడిందమ్మా అని చెప్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు. మేనత్తకు లేకపోయింది ఆ సూదే.

పొద్దున ఎనిమిదింటికి మొదటి మిడ్‌వైఫ్ అక్క వచ్చింది. కుట్లు చూసింది. ఏమీ అనలేదు. కొంచెంసేపు అట్లనే నిలబడి, తర్వాత గోరువెచ్చని నీళ్ల టబ్‌లో ఎట్లా కూర్చోవాలో చెప్పింది. రాత్రి మీరెందుకు ఉండరని నేనే అడిగా. "ఇద్దరమే కదక్కా, అందులో కూడా వార్డులో మనుషులు తక్కువైతే మమ్మల్ని అక్కడికి ఏస్తరు" అన్నది. పద్దెనిమిది నెలలు కాన్పు పని నేర్పించి తీసుకుపోయి వార్డులో సెలైన్లు మార్చమంటున్నారన్న మాట.

ఖర్చు: బిల్లు సున్నా. చేతి ఖర్చు వేరు. వాచ్‌మన్‌కు వంద, వీల్‌చైర్ తోసినాయనకు వంద, పొట్ట నొక్కబోయిన ఆయమ్మ ఐదొందలు అడిగి "ఆడపిల్లే కదా, మూడొందలియ్యి" అని తగ్గింది. మంగలి అవ్వ కుంచెడు వడ్ల లెక్కే ఇంకా నడుస్తోంది! 2017లో సర్కారు దవాఖానలో కాన్పైన వాళ్లకు కేసీఆర్ కిట్ పథకం వచ్చినప్పుడు ఆడపిల్లకు ఒక వెయ్యి ఎక్కువ, 12 వేల బదులు 13 వేలు అని ప్రభుత్వం పెట్టింది, ఆ సంగతి ఆయమ్మకు ఎవరూ చెప్పలేదు పాపం. బాత్రూంలు దరిద్రం. బాలింతల వార్డులో మంచానికి ఇద్దరు, ఒక రాత్రి నేను వరండాలో చాప మీద పడుకున్నా. ఇంటికొచ్చాక ఇంకో యుద్ధం, మిడ్‌వైఫ్ బాగా నీళ్లు తాగమంటే అమ్మ బాలింతకు నీళ్లు పడవని చెంబు దాచిపెట్టేది. కాయం ముద్దలు మాత్రం చెల్లె ఇష్టంగా తిన్నది, దానికి ఎవరి అభ్యంతరమూ లేదు.

చెల్లె నెలకల్లా మామూలుగా తిరిగింది. నాకు ఆర్నెల్లు పట్టింది. మళ్లీ అక్కడికే పోతావా అంటే పోతా అంటోంది, పగలైతే. అందుకే పగటికి ఐదు, రాత్రికి రెండు. రాత్రికి ఒకటి ఇద్దామనుకున్నా, ఆ సూది కోసం రెండు.

పోవాలనుకునేవాళ్లకు: మొదటి కాన్పు ఆపరేషన్ అయినా, బీపీ, షుగర్, కవలలు ఉన్నా మిడ్‌వైఫ్ దగ్గర మొండిపట్టు పట్టొద్దు, వాళ్లే డాక్టర్ దగ్గరికి పంపుతారు, పొండి. ఏడో నెలలోనే అడగండి, మిడ్‌వైఫ్‌లు ఎంతమంది, రాత్రి ఎవరు ఉంటారు అని. కింద కోత వద్దు, పొట్ట నొక్కొద్దు అన్నవి కేసు షీట్ మీదే రాయించుకోండి, మేము వేరే కాగితం మీద రాయించుకున్నాం, రాత్రి అది ఎవరికీ దొరకలేదు. తోడు పోయేది గొంతు ఉన్న మనిషి అయ్యుండాలి. పాత కాటన్ చీరలు నాలుగు, ఒక చాప, ఫ్లాస్కు, దోమల బత్తీలు పెట్టుకోండి. చిల్లర నోట్లు కూడా.